ముందు తెర, తర్వాత డబ్బా

చీమకుర్తి దాటాక, క్వారీ రోడ్డు మలుపులో
మాలకొండయ్య కాటా.
పొద్దున ఏడింటికే ఫోను:
"బొమ్మ రావటంలా. మూడు లారీలు నిలబడిపోయినయ్. రా."

ఒంగోలు నుంచి బండి మీద నేను,
సంచిలో స్క్రూడ్రైవరు, బొచ్చు బ్రష్షు, నాలుగు రకాల తీగలు.

పాత మానిటరు మొన్న పిడుగుకి పోయింది.
కొత్తది వెడల్పుగా, పలచగా,
అప్పడంలా గోడకి ఆనుకుని ఉంది.
దాని పక్కన నిరుడు నేనే అమ్మిన డబ్బా.
రెండు కాటా పుస్తకాలు ఒకదానిమీద ఒకటి పెట్టినంత లావు.
ఏదో బ్యాంకులో ఏడేళ్లు కొలువు చేసి వచ్చింది,
నుదుటి మీద 'కౌంటర్ 4' ఇంకా చెరగలేదు.

తెర నిండా నలుపు.
ఆ నలుపులో 'సిగ్నల్ లేదు' అని చిన్న పెట్టె
ఈ మూల నుంచి ఆ మూలకి ఈగలా తిరుగుతోంది.
"గెలాక్సీ రాయి లాగుంది గదా" అన్నాడు మాలకొండయ్య,
"పాలిష్ పెడితే చుక్కలు తేలతాయేమో."

"తీగ మార్చావా?"
"కొత్తది కొన్నా. మూడొందల యాభై.
రెండు కొసలూ సరిగ్గా పట్టినయ్."

పట్టాయి, నిజమే.
కొసలు పట్టినంత మాత్రాన మాట నడవదని
ఎవరికైనా ఎట్లా చెప్పేది?
ఈ తీగలో మాట ఒకవైపే పోతుంది.
ఆయన కొన్నది అటునుంచి ఇటు వచ్చేది,
కావలసింది ఇటునుంచి అటు పోయేది.
చూపులకి రెండూ కవలలు.
తిప్పి పెడదామంటే కొసలు ఒప్పుకోవు.

"నిండు లారీకి ఒక దారి, ఖాళీ లారీకి ఒక దారి"
అన్నాడు డ్రైవరు ఓబులేసు, కిటికీకి గడ్డం ఆనించి.
నేను చెప్పినదానికంటే అదే బాగుంది.

సంచిలో సరైన తీగ దొరికింది. పెట్టాను.
నలుపు కదల్లేదు.

మూత తీశాను.
ఫ్యాను రెక్కలకి విభూది పట్టీలు పెట్టినట్టు రాతిపొడి.
దాని అడుగున బ్యాంకు నాటి గుండుసూది,
సగం చిరిగిన టోకెను కాగితం,
ఎవరి వంతో రాకుండానే మిగిలిపోయింది.
ఊదితే దగ్గు నాకే వచ్చింది.
ర్యాము తీసి, రబ్బరుతో పళ్లు తోమి, మళ్లీ కూర్చోబెట్టాను.
నొక్కితే, లేదు.
బయట హారన్లు. నాకు చెమట.

అరగంటకి గానీ వెలగలేదు, నా బుర్ర.
పాత డబ్బా లేవగానే అడుగుతుంది:
"అవతల ఎవరు? పొడవెంత, వెడల్పెంత?"
ఒక్కసారే.
పాతకాలపు గుమస్తా, రెండోసారి పిలవడు.
కొత్త తెరకేమో నిద్రమత్తు.
ఆవులించి, తన కంపెనీ బొట్టు తాను పెట్టుకుని
"ఊఁ, ఎవరదీ" అనేసరికి
ఆయన ఎవరూ లేరనుకుని చీకట్లోనే పనిలోకి దిగిపోయాడు.
లోపల అంతా నడుస్తూనే ఉంది పాపం,
కాటా లెక్క తెరుచుకునే ఉంది,
మన కళ్లకే లేదు.

ముందు తెర వెలిగించాను. పది లెక్కపెట్టాను.
తర్వాత డబ్బా.

వచ్చింది!
అక్షరాలు బలిసి, అంకెలు నడుం దగ్గర సాగి,
సున్నాలన్నీ అడ్డంగా పడుకున్న కోడిగుడ్లు.
అదీ సర్దాను, కొలత మార్చి.

మొదటి చీటీ ఓబులేసుది.
ముప్పై ఎనిమిది టన్నుల నాలుగొందల కిలోలు.
తేదీ: 2011 జనవరి ఒకటి.
లోపలి బిళ్ల బ్యాటరీ చచ్చి ఎన్నాళ్లయిందో!
ఓబులేసు చీటీని ఎండకి పట్టి చూశాడు.
"అప్పటికి నేనింకా క్లీనర్నే అన్నా.
ఈ బండి పుట్టలా. ఈ రాయి కొండలోనే ఉంది."
నవ్వాడు గానీ చించలేదు.
జేబులో పెట్టుకుని ఇంకోటి అడిగాడు.

బిళ్ల ముప్పై రూపాయలు.
నా చేతిలో మూడొందలు పెడుతూ మాలకొండయ్య,
"కొత్త డబ్బా కొనమని అనలేదే నువ్వు?"
అంటే నాకే లాభం.
"తూకం తప్పటం లేదుగా" అన్నాను, హెల్మెట్ పెట్టుకుంటూ.

నెల తర్వాత అటుగా పోతూ మంచినీళ్లకి ఆగాను.
బండలకి నంబర్లు వేసే పసుపు రంగుతో
కాటా గది గోడ మీద, జానెడేసి అక్షరాలు:
ముందు తెర. పది లెక్క. తర్వాత డబ్బా.
దాని కింద ఇంకెవరిదో చెయ్యి, బొగ్గుతో:
పది అంటే, నిదానంగా పది.